వడియాలకు కాపలా కాసిన సీడీ

బతుకమ్మ పండుగ వస్తోందంటే ఇంటికి సున్నం వేయించడం మా అత్తమ్మ పెట్టిన ఆనవాయితీ. ఇప్పుడది సున్నం కాదు, డబ్బాల్లో వచ్చే ఖరీదైన రంగు, అయినా నా నోట్లోంచి సున్నమనే వస్తుంది. మొన్న అలా రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ డాబా మీది నుంచి ఒక సీడీ పట్టుకుని దిగివచ్చి, ఇది నీళ్ల ట్యాంకు పక్కనున్న ఇనుప కడ్డీకి కట్టి ఉందనీ, పారేయమంటారా ఉంచమంటారా అనీ అడిగాడు. చేతిలోకి తీసుకుని చూశాను. వెండిపొర సగానికి సగం పెచ్చులూడి అవతలి చెయ్యి కనబడుతోంది, రాతలన్నీ ఎండకు వెలిసిపోయాయి, మధ్య రంధ్రంలో మాత్రం మా అత్తమ్మ పాత నేతచీర అంచు పేలికతో వేసిన ముడి చెక్కుచెదరకుండా ఉంది. ఆ ముడి చూడగానే నాకు నవ్వు ఆగలేదు, పడీపడీ నవ్వుతుంటే ఆ మేస్త్రీ ఈవిడకేమైందోనని నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నా ఈడువాళ్లకు ఆ నవ్వు సంగతి చెప్పుకోవాలనిపించింది. ఈ కాలం పిల్లలకు చెబితే సీడీ అంటే ఏమిటనే దగ్గరే ఆగిపోతారు. పోయిన వారం మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఏదో చెడిపోయి తెర మీద ఒక నీలం చక్రం గిరగిరా తిరిగింది, బాగుచేస్తున్నాం కాస్త ఆగమని అదే రాసుకుంది, అమ్మాయి లేచి వెళ్లి చాయ్ పెట్టుకుని వచ్చేసరికి అదే బాగైపోయి కూర్చుంది. ఎక్కడి నుంచో మంచి ఫైళ్లు తెచ్చుకుని, చెడ్డవి తీసేసి, వాటి చోట ఇవి పెట్టుకుందట. ఎవరినీ అడగలేదు, ఎవరి గడపా తొక్కలేదు. నేను అదే పని చేయడానికి దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఎన్ని గడపలు తొక్కానో తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు పీకుతాయి.

అప్పటికి మేము ఎల్బీనగర్‌లో ఈ ఇల్లు కట్టుకుని ఎంతో కాలం కాలేదు. మామయ్య బస్సు డ్రైవరుగా పదవీవిరమణ చేసి, నల్గొండ అవతలి ఊరి నుంచి అత్తమ్మతో సహా మా దగ్గరికి వచ్చేశారు. మా ఆయనకు మలక్‌పేటలో ఒక మోటారు విడిభాగాల దుకాణంలో ఉద్యోగం. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని నేను దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ నేర్చుకున్నాను. ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి మెట్ల పక్కనా ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు, ప్రతి మలుపులో చేతిలో కరపత్రం కుక్కే మనిషి, బస్టాపులో నిలబడ్డ వాళ్లలో సగం మంది చంకలో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పుస్తకం. రెండో అంతస్తులో ఉన్న మా ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి, ఎందుకంటే కంప్యూటర్లకు దుమ్ము పడదు. పాఠం అయ్యాక బయటికొస్తే ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కుపోయారో తెలియక రోజూ ఒకరైనా ఉత్తకాళ్లతో మిర్చి బజ్జీ బండి దాకా పోయేవాళ్లు. నేర్చుకున్నాక ఇంట్లోనే పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసుకోవచ్చని, అక్కడే సందులో ఉన్న ఒక దుకాణంలో భాగాలన్నీ కలిపి బిగించిన కంప్యూటర్ కొన్నాము.

అది ఇంటికొచ్చిన రోజు అత్తమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఎలుక అనే దాన్ని చూసి తోక పట్టుకుని పైకెత్తి, ఇదా అందరూ చెప్పే ఎలుక, దీనికి పిల్లి భయం లేదా అని అడిగింది. దుకాణం అతను కంప్యూటర్‌తో పాటు తెల్ల కాగితపు కవరులో విండోస్ ఎక్స్‌పీ సీడీ ఇచ్చి, జాగ్రత్తగా పెట్టుకోమ్మా, ఎప్పటికైనా పనికొస్తుందని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను దాన్ని జాగ్రత్తగానే, షోకేసులో సినిమా పాటల సీడీల పక్కన పెట్టాను.

మా అత్తమ్మ గురించి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. అక్షరం ముక్క రాదు గానీ ఆమె కడుపులో పాటలు కుప్పపోసినట్టు ఉండేవి. నాట్ల పాటలు, తిరగలి పాటలు, అన్నిటికంటే ఎక్కువగా బతుకమ్మ పాటలు. కాలనీలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడేటప్పుడు లౌడ్‌స్పీకరులో క్యాసెట్టు పెట్టి చుట్టూ తిరగడం చూసి ఆమెకు ఒళ్లు మండిపోయేది. నోరు లేదా మీకు అని మొహం మీదే అడిగేసింది ఒకసారి. వాళ్లు కూడా మంచివాళ్లే, మాకు పాటలు రావు, నేర్పిస్తే పాడతాం అన్నారు. అప్పుడే నాకు ఆలోచన వచ్చింది, అత్తమ్మ పాడితే నేను కంప్యూటర్‌లో కొట్టి చిన్న పుస్తకం వేయిద్దామని. మొదట ససేమిరా అంది, ఆడవాళ్ల పాటలకు పుస్తకమేందని నవ్వింది, ఆ తరువాత అంగీకరించాక నన్ను వదిలిపెట్టింది లేదు. శ్రావణమాసమంతా మధ్యాహ్నం అన్నాలు కాగానే చాటలో బియ్యం పోసుకుని నా కుర్చీ పక్కన పీట మీద కూర్చునేది, రాళ్లు ఏరుతూ పాడేది, నేను టకటకా కొట్టేదాన్ని. మధ్యలో ఆపి మళ్లీ చెప్పమంటే మాత్రం తంటా. పాటకు పాట అడ్డమొచ్చి, ఇందాకటిది పోయి ఇంకోటి వచ్చేది. దొరికినప్పుడు దొరికినంత పట్టుకోవాల్సిందే.

ఆ పాటల్లో ఒకటి నాకు ప్రాణం. పుట్టింటికి బయలుదేరిన ఆడపిల్ల వాగు దగ్గరికి వస్తుంది, వాగు పొంగి పారుతూ ఉంటుంది, ఎట్ల దాటుదునమ్మా అని ఆ పిల్ల ఒడ్డున నిలబడి ఏడుస్తుంది. అక్కడి దాకా అత్తమ్మ గొంతు జారిపోతూ పాడేది, అక్కడ ఆగిపోయేది. ఆ తరువాత వచ్చే చరణం ఆమెకు గుర్తు రాదు. మళ్లీ మొదలుపెడితే ఆ పిల్ల అమ్మగారి వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ ఉంటుంది. మరి వాగు ఎట్ల దాటింది అంటే, దాటే ఉంటదిగా, లేకుంటే ఇంటికెట్ల పోతది అని కసురుకునేది గానీ, ఆమెకూ లోపల గుచ్చుకునేది. మా అమ్మ ఉన్నప్పుడే అడిగుంటే అయిపోయేది అని ఒకసారి మాత్రం అంది. నేను ఆ చోట ఒక వరుస చుక్కలు పెట్టి వదిలేశాను.

పుస్తకం పూర్తి కావస్తోందని ఆమె కాలనీ అంతా చాటింపు వేసింది. మంచినీళ్ల నల్లా దగ్గర, కూరగాయల బండి దగ్గర, చివరికి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన అతనికి కూడా చెప్పింది, మా కోడలు నా పాటలన్నీ డబ్బాలకెక్కించిందని. ఈసారి క్యాసెట్టు పెట్టినవాళ్ల కాళ్లు విరుగుతాయని కూడా చెప్పినట్టు తరువాత తెలిసింది.

ఇక పండుగ దగ్గరపడిందనగా ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, బ్యాటరీ ఏనాడో ప్రాణం విడిచిన యూపీఎస్ కుయ్ కుయ్ మని మూలిగింది. మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒక్కటే వాక్యం, ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే మాట. పాటలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి, అదీ డెస్క్‌టాప్ మీద, కళ్ల ముందుంటే ఎక్కడికీ పోవని నమ్మకంతో పెట్టుకున్నాను.

సీడీ ఉందిగా అని షోకేసు తీస్తే తెల్ల కవరు ఉంది, అందులో సీడీ లేదు. మా ఆయన షేవింగ్ చేసుకుంటూ కాసేపు ఆలోచించి, ఎండాకాలంలో అత్తమ్మ పావురాలు వడియాలు పొడుచుకు తింటున్నాయని, వాటిని బెదరగొట్టడానికి మెరిసేదేదైనా ఇవ్వమంటే షోకేసులో ఏదో ఒకటి తీసుకోమన్నానని చెప్పారు. ఒక్క పరుగున డాబా ఎక్కాను. పాపం, ఆమె ఆదరాబాదరాగా తీసుకోలేదు, పాత సినిమా పాటల సీడీలన్నీ తిప్పి చూసి, గీతలు పడ్డవి పక్కన పెట్టి, అన్నిట్లోకీ కొత్తగా తళతళలాడేది ఏరింది. ఎండాకాలమంతా అది వడియాలకు కాపలా కాసింది, వానాకాలమంతా తడిసింది. విప్పి తెచ్చి, నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి కంప్యూటర్‌లో పెడితే అది గర్రుమని రెండుసార్లు తిరిగి, నావల్ల కాదు తల్లీ అన్నట్టు బయటికి తోసేసింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఆ సీడీని పట్టుకెళ్లి మళ్లీ అదే కడ్డీకి, అదే ముడితో కట్టేయడం. అది అక్కడ లేకపోతే అత్తమ్మ ఎందుకు తీశావని అడుగుతుంది. పాటలు పోయాయనీ, కాపాడగలిగే సీడీని తన చేతులతోనే పావురాలకు కట్టిందనీ తెలిస్తే ఆమె ఏమైపోతుందో నాకు తెలుసు. పైకి ఎంత గయ్యాళితనం చూపించినా లోపల వెన్న. ఇక జన్మలో పాట ఎత్తదు.

పెళ్లిపత్రిక ప్రూఫు ఇవ్వాలని అబద్ధమాడి ఇంట్లోంచి బయటపడి దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి వెళ్లాను. అక్కడ అతను సంగతంతా వినకుండానే ఫార్మాట్ కొట్టాలె అన్నాడు. మీరూ వినే ఉంటారు ఆ మాట. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు జలుబు చేసినా జ్వరం వచ్చినా ఒక్కటే మందు. మరి డెస్క్‌టాప్ మీది ఫైళ్లో అంటే, సీ డ్రైవంతా సాఫ్ అయితది మేడమ్, మళ్లా టైపు కొట్టుకోండ్రి అన్నాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టు ఉంది ఆ సలహా. పోనీ మీ సీడీ ఒక పూట ఇవ్వమంటే, ఉన్న ఒక్కటీ మెకానిక్ సంచిలో వనస్థలిపురం పోయింది, అయినా మీ సీడీ మీకిచ్చిన కదా, అదేమాయె అని అడిగాడు. పావురాలను తోలుతోందని చెప్పలేక మెట్లెక్కి మా ఇన్‌స్టిట్యూట్‌కు పోయాను.

అక్కడ నాకు డీటీపీ నేర్పిన మేడమ్ గుంటూరు వైపు ఆవిడ, ఎంత గొడవలోనూ గొంతు పెంచని మనిషి. నా ఏడుపు మొహం చూసి ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, కంగారు పడకండి, మీ పాటలెక్కడికీ పోలేదు, గడప దగ్గర తాళంచెవి పోయిందంతే అంది. ఫార్మాట్ మాట ఎత్తితే కోప్పడింది. లోపలి సరుకంతా భద్రంగా ఉందని, కంప్యూటర్ లేవగానే ముందుగా వెతుక్కునే ఎన్‌టీఎల్‌డీఆర్ అనే చిన్న ఫైలొకటి కరెంటు దెబ్బకు పాడైందని, అది ఏ ఎక్స్‌పీ కంప్యూటర్‌లోనైనా ఉంటుందని చెప్పింది. ఇంట్లో మజ్జిగ చుక్క లేకపోతే పాలు పారబోసుకుంటామా, పక్కింటికెళ్లి తోడు అడిగి తెచ్చుకోమూ అని అడిగింది. అలాంటి కంప్యూటర్‌లో ఒక ఫ్లాపీని, అంటే ఫైళ్లు మోసుకెళ్లే ఆ పల్చటి చదరపు బిళ్లను, ఫార్మాట్ చేసి, ఆ ఫైలూ, దాని తోడబుట్టినట్టుండే మరో రెండూ, మొత్తం మూడు అందులోకి ఎక్కించి, ఆ ఫ్లాపీ పెట్టి నా కంప్యూటర్ వేస్తే లేస్తుంది, లేచాక ఆ మూడింటినీ లోపల సీ డ్రైవ్‌లో పెట్టుకుంటే ఇక ఫ్లాపీ కూడా అక్కర్లేదు. అవి దాచిపెట్టిన ఫైళ్లు గనుక మామూలుగా కంటికి కనిపించవు, కనిపించేలా ఎలా చేయాలో నాతో అప్పజెప్పించుకుంది. అయితే మీ కంప్యూటర్‌లోంచే ఇవ్వండి మేడమ్ అంటే, నవ్వి, ఇక్కడున్నవన్నీ ఇంకా పాత విండోస్ నైంటీ ఎయిట్‌లే, ఆ రకం పాలకు ఈ తోడు పడదంది.

ఎక్స్‌పీ ఉన్న ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. మొదట మా వీధి చివర లెక్కల మాస్టారింటికి వెళితే వాళ్లదీ నైంటీ ఎయిటే, కాకపోతే దాని మీద లేసు అల్లిన గుడ్డ ఎంత బాగుందో చూడమని మాస్టారి భార్య చాయ్ ఇచ్చి మరీ కూర్చోబెట్టింది. తరువాత ఆటోస్టాండు దగ్గర మా పాలాయన కొడుకింట్లో ఎక్స్‌పీ దొరికింది, ఎగిరి గంతేశాను. తీరా ఫ్లాపీ పెడదామంటే ఆ సందులో వాళ్ల పసిపిల్ల ఎప్పుడో బిస్కెట్టు పెట్టి చూసిందట, చీమలు కాపురం ఉంటున్నాయి. వాళ్లూ చాయ్ ఇచ్చారు. ఇలా లాభం లేదని మళ్లీ దుకాణానికి పోయి, నాలాంటి కంప్యూటరే ఎవరికమ్మావో చెప్పమని పట్టుకుంటే, అతను నా మీద జాలిపడి, మీరు తీసుకున్నప్పుడే అచ్చం అట్లాంటిదే సరూర్‌నగర్‌లో ఒక నర్సమ్మకు బిగించిన అని గుర్తు పట్టి చెప్పాడు.

ముక్కూ మొహం తెలియని ఇల్లు. తలుపు మీద చిన్న చెక్క సిలువ, పక్కన గోడకు వాక్యాల క్యాలెండరు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషిని లేపాను, అదే నేను తరువాత నర్సక్క అని పిలుచుకున్న మనిషి. కొంగు సర్దుకుంటూ తలుపు తీసి, ఏదో అమ్మడానికి వచ్చాననుకుని వద్దమ్మా అనబోయింది. నేను గడగడా చెప్పేశాను, మీ కంప్యూటర్‌లోంచి మూడు చిన్న ఫైళ్లు కావాలక్కా, మీదేం తగ్గదు, మీవి మీకే ఉంటాయి అని. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఇద్దరిదీ ఒకే రకమా, రక్తం గ్రూపు కలిసినట్టేనా అని అడిగింది. కలిసిందక్కా అన్నాను. మా దానికేం అంటదు గదా అంది. అంటదు అన్నాను. అయితే రా, కూసో అని తలుపు బార్లా తెరిచింది.

ఫ్లాపీ పెట్టాను, అది కర్ర్ కర్ర్ మంటూ ఫార్మాట్ అవుతోంది. నర్సక్క వంటగదిలో బియ్యం కడుగుతూ, ఇంత తిప్పలు పడుతున్నవు, ఏముంది ఆ కంప్యూటర్ల అని అడిగింది. అత్తమ్మ పాటల సంగతి చెప్పాను. పుస్తకం సంగతి, సీడీ సంగతి, పావురాల సంగతి అన్నీ చెప్పాను. అప్పటిదాకా ఇంట్లో నోరు విప్పి చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోయి ఉందేమో, ఎవరో తెలియని మనిషి ముందు అంతా కక్కేశాను. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఏ పాటలవి, ఒకటి చెప్పు అంది. నాకు ప్రాణమైన పాటే నోటికొచ్చింది, గొంతు లేకపోయినా సన్నగా ఎత్తుకున్నాను. ఏరు నిండి పారె ఉయ్యాలో, ఎట్ల దాటుదునమ్మ ఉయ్యాలో అని, అక్కడ ఆపి, ఇక్కడ ఒక చరణం పోయిందక్కా అని చెప్పబోతున్నాను. వంటగదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. లోపలి నుంచి గొంతు వచ్చింది.

ఆ ఒడ్డు అక్కలు ఉయ్యాలో
అందరూ జేరిరి ఉయ్యాలో
కొంగు కొంగు ముడిచి ఉయ్యాలో
నీళ్లల్ల ఇసిరిరి ఉయ్యాలో
పట్టుకో చెల్లెలా ఉయ్యాలో
పైలంగ రమ్మనిరి ఉయ్యాలో

వాగు అలా దాటిందన్నమాట! అవతలి ఒడ్డున ఉన్న ఆడవాళ్లు తమ చీర కొంగులు ఒకదానికొకటి ముడివేసి విసిరితే, అది పట్టుకుని పైలంగా, అంటే జాగ్రత్తగా, దాటింది. నర్సక్క తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి, చిన్నప్పుడు మా ఊర్ల ఆడపిల్లలందరం ఆడేటోళ్లం, నాట్లేసేటప్పుడు మా అమ్మ కూడ ఇదే పాడేది, ఎన్నేండ్లాయెనో నోట్లకెల్లి రాక అంది. మొదలేందో చివరేందో నాకు యాదికి లేవు, ఈ ముక్కొక్కటే ఉంది అని కూడా అంది. మూడు ఫైళ్లూ ఎక్కాయి. ఫ్లాపీని రుమాలులో చుట్టుకుని లేస్తుంటే, ఆగు, నేను కూడ ఒస్త, ఆ పాటల పెద్దమ్మను చూడాలె అని స్టవ్ ఆపేసి చెప్పులేసుకుంది.

షేర్ ఆటోలో ఆమె ఒళ్లో నేను కూర్చున్నట్టుగా ఇరుక్కుని ఎల్బీనగర్ చేరాము. అత్తమ్మ వరండాలో గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. నర్సక్కకు నీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఫ్లాపీ పెట్టి స్విచ్ వేశాను. ఫ్లాపీ ఒకసారి మూలిగింది. తెర కాసేపు నల్లగానే ఉంది. ఇంతలో ఆ పాత ఎక్స్‌పీ మొదలయ్యే రాగం వినిపించింది, మీకు గుర్తుండే ఉంటుంది, ఆ పచ్చటి గడ్డి కొండ కనిపించింది, దాని మీద అత్తమ్మ పాటలు అని నేను పేరు పెట్టిన ఫైలు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. నేను పిచ్చిదానిలా ఏడ్చాను, సంతోషంతోనే. మేడమ్ చెప్పినట్టు మూడు ఫైళ్లూ సీ డ్రైవ్‌లో పెట్టి, ఫ్లాపీ తీసేసి, ఆపి మళ్లీ వేసి చూశాను. తనంతట తానే లేచింది.

అప్పుడు అత్తమ్మను లోపలికి పిలిచి, ఆ వాగు పాట ఒకసారి పాడమన్నాను. కొత్త మనిషి ముందు కొంత బెట్టు చేసి, తరువాత అందుకుంది. ఎట్ల దాటుదునమ్మ దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఆగి, చేత్తో గాలిలో దాటేసినట్టు చూపించి ముందుకు పోబోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సక్క ఆ ఒడ్డు అక్కలు ఉయ్యాలో అని అందుకుంది. అత్తమ్మ చేతిలోని గోరుచిక్కుడు కాయ జారి కింద పడింది. చరణం అయిపోయాక లేచి వెళ్లి నర్సక్క రెండు చేతులూ పట్టుకుంది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

ఆమె ఊరి పేరు చెప్పింది. మా అత్తమ్మ పుట్టింటికీ ఆ ఊరికీ మధ్య ఒక్క వాగే అడ్డం. వానకాలంలో అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. అత్తమ్మ అదే పనిగా తలూపింది.

"ఆ ఒడ్డు పాట ఆ ఒడ్డోళ్ల తాననే ఉండె, సూడు. నేను ఈడ లెంకుతున్న."

ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం వండలేదు, ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరూ ఒకే పీట మీద సర్దుకుని ఒకరు మరిచిపోయింది ఒకరు అందిస్తూ పాడుతుంటే, నేను ఒక వరుస చుక్కలు తుడిపేసి ఆరు వరుసలు కొట్టాను. బయటి నుంచి వచ్చిన మామయ్య ఇదేం భజన అని మొదలుపెట్టి, నర్సక్కది ఏ ఊరో తెలిశాక, ఆ రూటులో తాను బస్సు ఎక్కడ ఆపేవారో చెప్పడం మొదలుపెట్టారు. చివరికి మా ఆయన వస్తూ వస్తూ ఇడ్లీలు కట్టించుకుని వచ్చారు.

పుస్తకం మలక్‌పేటలో అచ్చయి సమయానికి చేతికొచ్చింది. పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు సరూర్‌నగర్ చెరువు దగ్గర మా కాలనీ ఆడవాళ్లు క్యాసెట్టు లేకుండా, చేతుల్లో ఆ చిన్న పుస్తకాలు పట్టుకుని, తడబడుతూ, నవ్వుకుంటూ పాడారు. నర్సక్క బతుకమ్మ పేర్చలేదు, మొక్కలేదు, అది ఆమె ఇష్టం, ఎవరూ అడగలేదు. కానీ వాగు పాట ఎత్తుకోగానే అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగింది, ఆ చరణం ఆమెతోనే పాడించింది. ప్రతి ఏడూ అంతే. ఆ చరణం పాడే హక్కు నర్సక్కది, ఇంకెవరైనా నోరు తెరిస్తే అత్తమ్మ ఉరిమి చూసేది.

సీడీ సంగతి చాలా ఏళ్ల తరువాత మా ఆయన నోటి దూలతో బయటపడింది. నేను భయపడినంతా ఏమీ కాలేదు. అప్పటికి పాటలు పుస్తకంలో పదిలంగా ఉన్నాయి కదా. ఆమె ఏ మాత్రం తగ్గకుండా, "పావురాలైతే రాలె గద!" అంది. నిజమే, రాలేదు. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగానని నన్ను ఏడిపించడం కూడా ఆమే మొదలుపెట్టింది.

అత్తమ్మ పోయి కొన్నేళ్లయింది. మేస్త్రీ తెచ్చిన సీడీ చేతిలో పెట్టుకుని డాబా మెట్ల మీద కూర్చున్నప్పుడు ఇదంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. ఇప్పుడు ఏది చెడిపోయినా దానంతట అదే బాగైపోతోంది, మంచిదే, నాకేం ఫిర్యాదు లేదు, నా మోకాళ్లకు ఇప్పుడు అన్ని మెట్లు ఎక్కే ఓపిక కూడా లేదు. కానీ ఆ రోజు నా సీడీ బాగుండి ఉంటే, ఇంట్లో కూర్చుని కాసేపట్లో పని కానిచ్చుకునేదాన్ని. లేసుగుడ్డ మాస్టారి భార్య ఎవరో, నర్సక్క ఎవరో నాకు తెలిసేది కాదు. ఆ పిల్ల ఇప్పటికీ ఆ వాగు ఒడ్డునే నిలబడి ఏడుస్తూ ఉండేది. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఆ మంచి ఫైళ్లు ఎవరింటి నుంచి వచ్చాయో దానికి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు, అదొక్కటే నాకు కొంచెం వెలితిగా అనిపిస్తుంది.

కూర్చున్నదాన్ని ఊరుకోక ఆ పాట ఎత్తుకున్నాను. ఏరు నిండి పారె అన్నాను, ఎట్ల దాటుదునమ్మ అన్నాను, అక్కడ ఆగిపోయాను. ఎంత తడుముకున్నా తరువాతి ముక్క రాలేదు. సరిగ్గా అత్తమ్మ ఆగే చోటే. కింద బీరువాలో పుస్తకం ఉంది, చేతిలో ఫోను ఉంది, అందులోనూ ఫొటో తీసిపెట్టుకున్న పేజీలున్నాయి. అయినా వాటి జోలికి పోలేదు. నర్సక్కకు ఫోన్ చేశాను. ఉద్యోగం నుంచి రిటైరై ఇప్పటికీ అదే సరూర్‌నగర్ ఇంట్లో ఉంటోంది. ఆమె ఎత్తగానే బాగున్నావా అని కూడా అడగకుండా, ఎట్ల దాటుదునమ్మ ఉయ్యాలో అన్నాను.

అవతల ఆ ముసలి గొంతు, కొంచెం వణుకుతూ, ఆ ఒడ్డు అక్కలు ఉయ్యాలో అని అందుకుంది. పైలంగ రమ్మనిరి దాకా మొత్తం పాడింది. పాడి, ఈసారి చెరువు కాడికి జర తొందరగా రా, మోకాళ్లు నొస్తున్నయ్, నన్ను ఎక్కువసేపు నిలబెట్టకు అంది. వస్తానక్కా అని చెప్పి ఫోన్ పెట్టేసి, మేస్త్రీని పిలిచి, రంగు ఆరాక ఆ సీడీని మళ్లీ అదే కడ్డీకి కట్టమన్నాను.